సమస్య: "దున్నకున్న పంట మిన్న యగును"

నిర్వాహకుడు: నిన్న ఫుకువోకా 'గడ్డిపరకతో విప్లవం' పుస్తకం మళ్ళీ తిరగేశాను. జపాన్‌లోని షికోకు దీవి రైతు. దుక్కి వద్దు, ఎరువు వద్దు, కలుపుతీత వద్దు, పురుగుమందు వద్దు అన్నాడు. మొదటి 'వద్దు' దగ్గరే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యాలు కానివ్వండి.

హలధరుడు:
వరిని కోయు ముందె బార్లీని చల్లెను
గడ్డి మళ్ళ మీద గప్పి విడిచె
వానపాము నాగలైనది నేలకు
దున్నకున్న పంట మిన్న యగును

దివిసీమ: మూడో పాదం రెండుసార్లు చదువుకున్నాను. వాన-లైన అని రెండో అక్షరం కలిసే ప్రాసయతి కోసం వెతుక్కున్నట్టు లేదు, దానంతట అదే వచ్చి కూర్చుంది. 'గప్పి' మాత్రం ఒప్పుకోను. గడ్డిని ముక్కలు చేయకుండా ఎటు పడితే అటు చల్లమన్నాడాయన. దుప్పటిలా కప్పితే మొలక పైకి రాదు. 'గడ్డి మళ్ళ లోన గలయ జల్లె' అనండి.

హలధరుడు: మీ దిద్దుబాటు బాగుంది, మార్చుకుంటాను. కానీ ఎప్పుడూ దిద్దడమేనా? పోయిన నెల 'నీరు లేని చెరువు నిండి యుండె' అన్న సమస్యకు మీరు చెరువును ఇళ్ళ ప్లాట్లతో నింపారు. అది పేపర్లో వార్తలా ఉందని అప్పుడే అన్నాను, ఇప్పటికీ అదే మాట.

దివిసీమ: వార్త నిజమైతే పద్యం కాకూడదా? ఆ చెరువు కింద మాకు ఎకరం ఉండేది, బాధతోనే రాశాను. సరే, ఇదిగో:

పిల్లిపెసర చల్లె పెదనాన్న మాగాణి
కోత కంటె ముందె కొడుకు తోడ
వడ్లు మనకు నుండ వాకిట గట్టిన
దున్నకున్న పంట మిన్న యగును

నిర్వాహకుడు: దున్నకు + ఉన్న! వడ్లు మనకు, పిల్లిపెసర మేత దున్నపోతుకు! పాదం ఇచ్చిన నాకే తట్టలేదు.

హలధరుడు: ఈ విరుపుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. చెరువు పద్యం సంగతి వేరే.

దివిసీమ: విరుపు కోసమే రాయలేదండీ. కృష్ణా డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల పదును మీద ఉండగా, నిలిచున్న వరిలోనే మినుము, పెసర చల్లేస్తాం. దుక్కి లేదు. ఫుకువోకా పేరు వినకముందే పెదనాన్న వెనకాల గిన్నె పట్టుకుని నడిచాను. చల్లిన గింజ వరి ఆకుల మీద పడి టపటపమనేది.

మెట్టచేను:
చీడ పురుగు వచ్చు సాలీడు తినివేయు
కలుపు కూడ నేల కప్పి కాచు
చేటు పనులు మాని చేతులు కలిపిన
దున్నకున్న పంట మిన్న యగును

హలధరుడు: మొదటి పాదంలో యతి పోయింది, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరలేదు. చీ-సా, హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. 'చంపవద్దు పురుగు సాలీడు తినివేయు' అంటే యతీ నిలుస్తుంది, ఆయన మాటా నిలుస్తుంది.

మెట్టచేను: తప్పు నాదే, ఆ పాదం మీదే. మూడో పాదం మాత్రం కదపకండి. మా మెట్టలో ఒకరి చేలో ఒకరు చేసుకునే బదులు పనులు పోయాకే సేద్యం మోయలేని బరువైంది.

నిర్వాహకుడు: నేనూ కదపనివ్వను. అందులో 'చేటు' అన్న మాట బంగారం. ఫుకువోకా తొలిరోజుల్లో తండ్రి నారింజ తోటకు కత్తిరింపులు మానేసి ఊరికే వదిలేస్తే, కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి చెట్లు ఎండిపోయాయి. అది వదిలేయడం, ప్రకృతి సేద్యం కాదని ఆయనే రాసుకున్నాడు. ఏ పని మానాలో తెలుసుకోవడానికి ఏళ్ళ తరబడి చేలో ఉన్నాడు.

దివిసీమ: మా పెదనాన్న కూడా చల్లే ముందు రోజు ఒక్కడే వెళ్ళి, మడిలో కాలు దింపి చూసుకునేవాడు. మడమ దిగబడితే ఇంకో రోజు ఆగేవాడు.