వైజాగ్‌లో అమ్మతో ఒక్క రోజు: పాత ఊరు తెలిసిన గైడ్ కావాలి

గోదావరిఖని అమ్మాయి:

అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మని తీసుకుని వైజాగ్ వస్తున్నాను. పొద్దున్నే రైలు దిగుతాం, మర్నాడు మళ్ళీ రైలెక్కాలి, అంటే ఉన్నది ఒక్క రోజే. అమ్మకి 67, మోకాళ్ళ నొప్పులు. మెల్లగా నడుస్తుంది కానీ మెట్లు కష్టం.

నాలుగేళ్ళ కిందట ఒకసారి ఇలాగే వచ్చాం. వ్యాన్ మాట్లాడుకుంటే ఆ గైడ్ ఒక్క రోజులో తొమ్మిది పాయింట్లు తిప్పాడు, ప్రతి చోటా ఇరవై నిమిషాలు, మధ్యలో రెండు షాపులు. పోర్టు చూడాలని అమ్మ అడిగితే రోడ్డు మీద బండి ఆపి "అదేనమ్మా" అని క్రేన్లు చూపించి కదిలించేశాడు. అమ్మ ఏమీ అనలేదు, కానీ తిరిగొచ్చే దారంతా మాట్లాడలేదు.

ఎందుకంటే మా తాతయ్యది టెక్కలి దగ్గర పల్లె, పెళ్ళికి ముందే కూలి పనికి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడు. వైజాగ్‌లోనే ఓడెక్కాడని అమ్మ అంటుంది. 1942లో యుద్ధం వచ్చాక అడవుల్లో నడిచి తిరిగొచ్చాడు. అమ్మకి ఆ ఓడ ఎక్కిన చోటు చూడాలని కోరిక. బీచ్, కైలాసగిరి ఈసారి వద్దు. పాత ఊరు గురించి చెప్పగలిగే గైడ్‌ని ఎలా వెతుక్కోవాలి, ఒక్క రోజులో ఏం చూడొచ్చు?

వన్‌టౌన్‌లో పుట్టినవాడిని:

అమ్మగారిని తప్పకుండా తీసుకురండి. మా పేటల మీదుగా రంగం వెళ్ళినవాళ్ళ కథలు మా ఇళ్ళలో కూడా ఉన్నాయి.

ముందు గైడ్ సంగతి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడే ఒక ప్రశ్న అడగండి: బురుజుపేటకి ఆ పేరెందుకు వచ్చింది? ఇంగ్లీషువాళ్ళు 1682లో ఇక్కడ వ్యాపార కోఠీ పెట్టారు, తర్వాత దాని చుట్టూ కోట లేచింది. ఆ కోట ఇప్పుడు లేదు గానీ బురుజుపేట, కోటవీధి అన్న పేర్లలో మిగిలింది. ఇది చెప్పగలిగినవాడు మిగతాదీ చెప్పగలడు. షాపులకి తీసుకెళ్ళొద్దని, వన్‌టౌన్ (అంటే పాత ఊరు) ఒక్కటే సగం రోజు కావాలని ముందే అనేయండి.

పొద్దున బురుజుపేట కనకమహాలక్ష్మి గుడితో మొదలుపెట్టండి. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే ఉంటుంది, ఎవరైనా సరే స్వయంగా తమ చేత్తోనే పసుపు కుంకుమ పెట్టొచ్చు. గురువారం మాత్రం వద్దు, జనం ఎక్కువ, అమ్మగారు నిలబడలేరు. అక్కణ్ణించి ఆటోలో పాత పోస్టాఫీసు, సెయింట్ జాన్స్ చర్చి, విక్టోరియా రాణి విగ్రహం, కురుపాం మార్కెట్. దూరాలు తక్కువే, గొడుగు ఉంటే చాలు.

అసలు చూడాల్సింది మూడు కొండలు. పోర్టు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీ మాత గుడి, ఇంకోదాని మీద ఇసాక్ మదీనా దర్గా. మధ్యదాన్ని రాస్ హిల్ అంటారు, రాస్ అనే ఆయన 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు మా అమ్మ మూడింటికీ మొక్కేది, పడవ మీద వెళ్ళే మనుషులు ఉన్న ఇళ్ళలో అది మామూలే. మూడూ ఎక్కించొద్దు, ఏదో ఒక్కదాని మీదకి, బండి ఎంతవరకు పోతుందో కనుక్కుని తీసుకెళ్ళండి. పైనుంచి ఓడలు లోపలికి వచ్చే కాలువ, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తాయి. అమ్మగారు అక్కడ కూర్చోవాలి, కనీసం గంట.

ఒక్క మాట. ఇప్పుడు మీరు చూసే లోపలి హార్బర్ 1933లో మొదలైంది, ఆ అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలని నీళ్ళలో ముంచి అడ్డుగోడలా వాడారు. అంతకుముందు స్టీమర్లు సముద్రంలోనే ఆగేవి. తాతగారు ఏ ఏట వెళ్ళారు?

నేవీలో చేసి రిటైరైనవాడిని:

పై ఆయన చెప్పినదంతా బాగుంది కానీ బీచ్ రోడ్‌ని పూర్తిగా వదిలేయొద్దు. అక్కడి విశాఖ మ్యూజియంలో జపాన్‌వాళ్ళు వేసిన, పేలని బాంబు ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న ఈ పోర్టు మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మీ తాతగారు బర్మా నుంచి నడిచొస్తున్న ఏడాదే అది. అమ్మగారికి ఆ ముక్క చెప్పి చూపించండి, అరగంట పని.

అదే రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ మాత్రం ఈసారికి వద్దనే చెప్తాను. నేను ఎంతో ప్రేమించే ఓడ అది, 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, అయినా లోపల దారి ఇరుకు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వంగి దాటాలి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకి అది నరకం. బయటినుంచి చూపించండి చాలు.

భీమిలి టీచర్:

అమ్మాయీ, నాకు ఒక అనుమానం. శ్రీకాకుళం వైపువాళ్ళు అందరూ విశాఖలోనే ఓడెక్కలేదు. కళింగపట్నంలో, మా భీమిలిలో కూడా ఎక్కేవారు. "వైజాగ్" అని ఇంట్లో చెప్పుకున్నా, అప్పటి విశాఖపట్నం జిల్లా అన్న అర్థంలో అని ఉండొచ్చు కదా. తాతగారు ఓడ ఎక్కడం గురించి అమ్మగారికి గుర్తున్న మాట ఇంకేమైనా ఉంటే అడుగు.

గోదావరిఖని అమ్మాయి:

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ఏ ఏడో అమ్మకి తెలీదు. కానీ ఒక మాట చెప్పింది, నాకెప్పుడూ చెప్పలేదు: "చిన్న పడవలో ఎక్కించారంట, అలలకి మొత్తం తడిసిపోయారంట, పెద్ద ఓడ దగ్గరికి వెళ్ళేసరికి మూటలో అటుకులు కూడా ముద్దయిపోయాయంట. మొదటి పూట అవే తిన్నాడు." దీన్నిబట్టి ఏమైనా తెలుస్తుందా?

వన్‌టౌన్‌లో పుట్టినవాడిని:

తెలుస్తుంది. పడవలో అలలు దాటి ఎక్కారంటే లోపలి హార్బర్‌లో కాదు. ఇక్కడైతే 1933కి ముందు అయ్యుండాలి. అప్పట్లో మసూలా పడవలు ఉండేవి, మేకులు లేకుండా కొబ్బరినారతో చెక్కలు కుట్టినవి, అల కొట్టినా విరక్కుండా వంగేవి. 1780లో ఇదే ఊళ్ళో కంపెనీ సిపాయిలు మద్రాసు వెళ్ళి హైదర్ అలీతో పోరాడమంటే ఓడ ఎక్కబోమని ఎదురుతిరిగారు. సముద్రం దాటించడం అంటే మనుషులకి ఎంత భయమో ఆ సంగతి చదివినప్పుడల్లా అనిపిస్తుంది. మీ తాతగారు ఆ భయంతోనే ఎక్కి ఉంటారు.

భీమిలి టీచర్:

1933 తర్వాత అయితే మాత్రం భీమిలో, కళింగపట్నమో అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇక్కడ చివరిదాకా ఓడలు దూరంగానే ఆగేవి, పడవల్లోనే మనుషులూ సరుకూ. మా గోగునారకి ప్రపంచంలో బిమ్లీ జూట్ అన్న పేరు ఈ రేవు వల్లే వచ్చింది. డచ్చివాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి, 1600ల నాటివి. ఊరు మునిసిపాలిటీ అయింది 1861లో.

కాబట్టి పొద్దున వన్‌టౌన్, మధ్యాహ్నం భోజనం చేసి అమ్మగారిని గంటసేపు పడుకోనిచ్చి, మూడున్నరకి కారులో భీమిలి రండి. బస్సు కూడా ఉంది కానీ అమ్మగారికి కారే నయం. పాత డచ్చి సమాధులు బయటినుంచి చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళండి. అక్కడ ఇసుక గట్టిగా ఉన్న చోట కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఏ రేవులో ఎక్కారో మనకి తెలీకపోయినా రెండు నీళ్ళూ చూసినట్టు ఉంటుంది.

కంచరపాలెం నుంచి:

ఆలస్యంగా చూశాను. మా బర్మా క్యాంపు 1960ల్లో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం ఏర్పడింది. మా నాయనమ్మ చనిపోయేదాకా బర్మా మాటలు కలిపే మాట్లాడేది. స్టేషన్‌కి దగ్గరే, పొద్దున దిగాక స్నానాలు అయ్యాక ఒక అరగంట రండి. పెద్దవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. అమ్మగారు వాళ్ళతో మాట్లాడితే గైడ్ చెప్పలేనివి వినొచ్చు.

గోదావరిఖని అమ్మాయి:

అందరికీ దండాలు. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. "భీమిలి, విశాఖ రెండూ చూద్దాం, బర్మా క్యాంపుకి వెళ్ళేటప్పుడు మాత్రం చేతులూపుకుంటూ వద్దు" అంది. అటుకులు తీసుకెళ్దామంటోంది. రైలు టికెట్లు మార్చి ఇంకో పూట ఎక్కువ ఉండేలా చూస్తున్నాను. గురువారం పడకుండా తేదీ పెట్టాక మళ్ళీ రాస్తాను.