పాపకి ‘ఝ’ అక్షరం వచ్చింది. అర్థం లేని పేరు పెట్టొచ్చా?

మల్కాజిగిరి అమ్మ:
అందరికీ నమస్కారం. మాకు పాప పుట్టి పన్నెండు రోజులైంది. ఉత్తరాభాద్ర మూడో పాదం, ‘ఝ’తో పేరు పెట్టమన్నారు పంతులుగారు. మా ఆయన ఫోన్‌లో ఏదో యాప్ చూసి ‘ఝియానా’ అని ఖాయం చేసేశారు. సంస్కృతమట, ‘దేవతల కాంతి’ అని అర్థమట. అలాంటి మాటే లేదంటారు మా మామగారు. అర్థం లేని పేరు పిల్లకి పెడతారా అని అన్నం దగ్గర కూడా అదే గొడవ. ఇరవై ఒకటో రోజు దగ్గరికొస్తోంది, నాకు ఒకటే టెన్షన్. పేరుకి అర్థం ఉండి తీరాలా?

నల్లకుంట మాస్టారు:
ఉండాలమ్మా. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని. మీ మామగారి మాట నిజం, సంస్కృతంలో ఝియానా లేదు. ఇటలీలో జొవాన్నా అనే పేరుని పొట్టిగా జియాన్నా అంటారు. మన దగ్గర జాన్, యోహాను అని వింటామే, వాటి చుట్టమే అది. హీబ్రూ మూలంలో ‘దేవుడు కరుణించాడు’ అని. చక్కటి అర్థం! కానీ జ తీసి ఝ పెట్టి దాన్ని సంస్కృతం అనడం అబద్ధం, నా బాధంతా అక్కడే. రేపు ఆ పిల్ల ‘నా పేరుకి అర్థమేంటి నాన్నా’ అంటే ఏం చెబుతారు? కియారా సంగతీ అంతే. ఇటలీ పేరైతే వెలుగు, దాని పక్కనే కనిపించే ఐర్లండ్ పేరైతే నలుపు.

‘ఝ’తోనే కావాలంటే ఝరి ఉంది, కొండల్లోంచి దూకే సెలయేరు. ఝంకృతి ఉంది, తుమ్మెద రొద, వీణ తీగ మోత.

గచ్చిబౌలి నాన్న:
మాస్టారూ, క్షమించండి, నేను ఒప్పుకోను. మా పాప మైరా. ఆ పేరు 1628లో చనిపోయిన ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లీష్ కవి తన కవితల కోసం కల్పించుకున్నదని చదివాను. ప్రతి పేరూ ఎప్పుడో ఎవరో ఒకరు కల్పించిందే కదా. నాలుగొందల ఏళ్ల కిందట కవి చేస్తే ఒప్పు, ఇప్పుడు మల్కాజిగిరిలో ఒక నాన్న చేస్తే తప్పా? యాప్‌లోని అర్థం అబద్ధమైతే దాన్ని వదిలేయండి. పేరుని ఎందుకు వదలాలి?

ఉప్పల్ అక్క:
‘ఝ’ అంటే ఝాన్సీ ఎవరికీ గుర్తురాలేదా? మా స్కూల్లో ఒక్క క్లాసులోనే ఇద్దరు ఝాన్సీలు. అది ఊరి పేరు. ఆ రాణి పేరు లక్ష్మీబాయి, పుట్టినప్పుడు పెట్టింది మణికర్ణిక. 1858లో ఇంగ్లీషు వాళ్లతో పోరాడుతూ ప్రాణం వదిలింది. మనవాళ్లు ఆ ఊరి పేరుని కూతుళ్లకి పెట్టుకున్నారు. అర్థం చూసి పెట్టారా? ఆమెని చూసి పెట్టారు. సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారి పేరు చూడండి, ఒక కాలం మొత్తం అందులో వినిపిస్తుంది.

మా నాయనమ్మ ఐలమ్మ. ఐనవోలు మల్లన్నని మా వైపు ఐలోని మల్లన్న అంటారు. ఆయనకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. స్కూల్లో మోటు పేరని నవ్వేవాళ్లని మా అత్త తన కూతురికి ఆ పేరు పెట్టనివ్వలేదు. ఇప్పుడు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఉన్నది చాకలి ఐలమ్మ పేరే. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. మాస్టారూ, ఐలమ్మకి మీ నిఘంటువులో అర్థం దొరుకుతుందా?

నల్లకుంట మాస్టారు:
దొరకదమ్మా. కానీ మీ నాయనమ్మ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో మీ ఇంట్లో అందరికీ తెలుసు. నేను అడిగేది కూడా అదే, పేరుకి పుట్టిల్లు ఉండాలని. మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు గారి పెద్దమ్మాయి పద్మజ. సరోజిని అంటే తామరకొలను, పద్మజ అంటే తామరలో పుట్టినది. తల్లీకూతుళ్లకి ఎంత అందంగా కుదిరిందో చూడండి. గచ్చిబౌలి నాన్నగారూ, మీ మైరా మీద నాకు ఫిర్యాదు లేదు. దాని పుట్టిల్లు మీకు తెలుసు.

తార్నాక బాబాయ్:
అమ్మా, కంగారు పడకు. జనన ధ్రువీకరణ పత్రంలో పేరు తర్వాత కూడా చేర్పించుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏడాదిలోపు ఫీజు ఉండదు, ఆ తర్వాతైతే పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుము కట్టాలి. పేరు కోసం బాలింత నిద్ర మానుకోవద్దు.

మల్కాజిగిరి అమ్మ:
అందరికీ థాంక్స్. ఇవాళ ఇరవై ఒకటో రోజు అయింది. మాస్టారు రాసింది, అక్క రాసింది రెండూ మా ఆయనకి చదివి వినిపించాను. యాప్‌లో ఉన్నది అబద్ధమని తెలిశాక ఆయనే ‘ఝరి’ అన్నారు. పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాస్తుంటే ‘ఝ’ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ మెలికలు తిప్పేసరికి గింజలు జారి అక్షరం పూడిపోయేది. మూడోసారి మామగారు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని రాయించారు. చెవిలో పేరు చెబితే పాప కళ్లు తెరిచింది. మా ఆయన ఇంకా జియా అనే పిలుస్తున్నారు. పత్రంలో మాత్రం ఇంకా ఏమీ రాయించలేదు.