టోటలైజరులో తేడా ఫ్లోమీటరు కచ్చితత్వ పరిమితిని ఎందుకు దాటుతోంది?

ప్రశ్న

మా నీటి లైను మొదట్లో విద్యుదయస్కాంత ఫ్లోమీటరు, చివర్లో ఆరిఫిస్ ప్లేటుకు (మధ్యలో రంధ్రమున్న పలక) అమర్చిన డీపీ ట్రాన్స్‌మిటరు (పలకకు ఇరువైపులా ఉండే పీడన వ్యత్యాసాన్ని, అంటే డీపీని, కొలిచి సిగ్నల్ పంపే పరికరం) ఉన్నాయి. మధ్యలో శాఖ గానీ లీకు గానీ లేదు. రెండింటి రేంజి గంటకు 100 ఘనపు మీటర్లు. ప్రవాహం పగలు 16 గంటలు సగటున 84 దగ్గర, రాత్రి 8 గంటలు నిలకడగా 10 దగ్గర ఉంటుంది. మొదటి మీటరుకు సొంత టోటలైజరు (పారిన మొత్తం నీటిని కూడే లెక్క) ఉంది. రెండోదాని 4–20 మిల్లీఆంపియర్ల సిగ్నల్‌ను (4 అంటే సున్నా ప్రవాహం, 20 అంటే పూర్తి రేంజి) పీఎల్‌సీ (ప్లాంటును నడిపే నియంత్రణ కంప్యూటరు) సెకనుకోసారి చదివి మొత్తానికి కలుపుతుంది. రెండింటినీ ఒకేరోజు సున్నా నుంచి మొదలుపెట్టాం. తొలి నెల లెక్కలు దాదాపు సరిపోయాయి. రెండో నెలలో పీఎల్‌సీ లెక్క సుమారు ఒక శాతం, మూడో నెలలో ఐదు శాతానికి పైగా తక్కువ వచ్చింది. రెండు మీటర్ల పత్రాల్లోనూ 0.5 శాతం కచ్చితత్వం అని రాసి ఉన్నప్పుడు ఏ మీటరును అనుమానించాలి?

మొదటి సమాధానం

ఆ 0.5 శాతం రీడింగులోనా, ఫుల్ స్కేలులోనా (పూర్తి రేంజిలోనా) అన్నది ముందు చూడండి. ఫుల్ స్కేలులో అయితే అనుమతించిన దోషం ఎప్పుడూ గంటకు 0.5 ఘనపు మీటరే కాబట్టి, ప్రవాహం 10కి పడిపోయినప్పుడు అది రీడింగులో 5 శాతం అవుతుంది. ఆరిఫిస్ విషయంలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. పీడన వ్యత్యాసం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, పదో వంతు ప్రవాహం దగ్గర డీపీ స్పానులో (ట్రాన్స్‌మిటరు కొలిచే పూర్తి పరిధిలో) ఒక్క శాతమే మిగులుతుంది. ట్రాన్స్‌మిటరు స్పానులో 0.1 శాతం తప్పినా డీపీలో 10 శాతం, ప్రవాహంలో దాదాపు 5 శాతం తప్పినట్టే. మీ రాత్రి రీడింగులను నమ్మలేం.

రెండో సమాధానం

పై వివరణ నిజమే కానీ, ఈ తేడాకు అది చాలదు. టోటలైజరులో ప్రతి దోషానికీ ఆ సమయంలో పారిన నీటిని బట్టే బరువు ఉంటుంది. మీ లెక్కలో రోజుకు పగలు 1,344, రాత్రి 80, మొత్తం 1,424 ఘనపు మీటర్లు. రాత్రి రీడింగు 5 శాతం తప్పినా పోయేది 4 ఘనపు మీటర్లు, అంటే మొత్తంలో 0.3 శాతం. పైగా మీటరు లోపమైతే మొదటి నెల నుంచే కనిపించాలి గదా. ఒక రాత్రి పీఎల్‌సీ తెర ముందు కూర్చుని, ప్రవాహం 10 చూపుతుండగా మొత్తం కదులుతోందో లేదో గమనించండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి గంటసేపు చూశాను. ప్రవాహం 10 చూపుతూనే ఉంది. 1,20,000 దాటిన మొత్తంలో మాత్రం దశాంశ స్థానం కూడా మారలేదు. లో ఫ్లో కటాఫ్ (దీనికంటే తక్కువ ప్రవాహాన్ని సున్నాగా తీసుకునే హద్దు) 2 దగ్గరే ఉంది.

మూడో సమాధానం

మొత్తాన్ని పీఎల్‌సీలో 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు సంఖ్యగా (దశాంశ బిందువు స్థానం మారుతూ ఉండే సంఖ్యారూపం) దాస్తున్నారని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. అందులో విలువకు దక్కేవి 24 బిట్లే కనుక సంఖ్య పెరిగేకొద్దీ పక్కపక్క విలువల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. 65,536 నుంచి 1,31,072 వరకు ఆ ఎడం 0.0078 ఘనపు మీటరు. గంటకు 10 అంటే సెకనుకు 0.0028, ఆ ఎడంలో సగానికంటే తక్కువ, ఫలితాన్ని దగ్గరి విలువకు సవరిస్తే పాత మొత్తమే వస్తుంది, అందుకే కలిపిన ప్రతిసారీ ఆ నీరు లెక్కకు ఎక్కకుండా పోతోంది. పగటి 84 (సెకనుకు 0.0233) మాత్రం మూడు ఎడాలకు దగ్గరగా ఉండబట్టి బాగానే పడుతోంది. మీ ప్రవాహంతో 65,536 చేరడానికి సుమారు 46 రోజులు పడుతుంది. రెండో నెల మధ్యలో మొదలైన తేడా మూడో నెలంతా కొనసాగింది. రోజుకు 80 పోతే 5.6 శాతం. మీ అంకెకు దగ్గరగానే ఉంది.

మీటర్లను విప్పవద్దు. సెకను సెకనుకు వచ్చేదాన్ని ఒక చిన్న మొత్తంలో కలుపుతూ, అది 1 దాటినప్పుడల్లా 1 తీసేసి 32 బిట్ల పూర్ణాంక కౌంటరుకు చేర్చండి. మిగిలిన భిన్నాన్ని పారేయకండి. ట్రాన్స్‌మిటరుకు పల్స్ అవుట్‌పుట్ (నిర్ణీత పరిమాణం నీరు పారినప్పుడల్లా ఒక పల్స్ పంపే సిగ్నల్) ఉంటే దాన్ని నేరుగా లెక్కించడం ఇంకా మేలు, ఎందుకంటే కరెంటుగా మార్చి, మళ్లీ అంకెగా మార్చే రెండు దశల దోషమూ తప్పుతుంది. ఆ తర్వాత, వాల్వు మూసి నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు సిగ్నల్ 4.000 మిల్లీఆంపియర్ల దగ్గరే ఉందా అని కొలవండి: కటాఫ్ లేని చోట 0.008 మిల్లీఆంపియరు ఎక్కువ ఉన్నా మీ రేంజికి రోజుకు 1.2 ఘనపు మీటర్లు లేని నీరు లెక్కలో చేరుతుంది.