జారుముడి అంటే బిగిసేదా, ఊడేదా? (దాంతోపాటు పోతన పద్యంలో రెండక్షరాలు)

కీళ్ల డాక్టర్: భుజంలో తెగిన స్నాయువును ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌తో) కుట్టించుకునేవాళ్ల కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తున్నాను. స్లైడింగ్ నాట్‌ని 'జారుముడి' అన్నాను. మా నర్సు చదివి "లోపల జారిపోతుందా సార్?" అని కంగారుపడింది. చిన్న రంధ్రంలో వేళ్లు పట్టవు కదా. ముడి బయటే వేసి, పోస్ట్ అనే కొసను (ముడి జారేది దీని మీదే) లాగుతూ, నాట్ పుషర్ అనే పుల్లతో కాన్యులా అనే గొట్టం గుండా లోపలికి తోస్తాం. అది జారుతూ వెళ్లి స్నాయువు మీద కూర్చుంటుంది. ఈ గొడవలో, యశోద కృష్ణుణ్ని రోటికి కట్టిన పోతన పద్యంలోని 'చిక్కె నతఁడు... దల్లి చేతన్ ఱోలన్' నిన్నటి నుంచి బుర్ర తొలిచేస్తోంది. మధ్యలో ఏముంది? ముడి మాటేమైనా ఉందా?

గణాల మాస్టారు: 'లీలఁ'. యశోదకు తాడు రెండంగుళాలు చాలనట్టు మీకు రెండక్షరాలు చాలలేదు. అది లేకపోతే ఆరో గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) పోయి కందపద్యం కుంటుతుంది. ముడి ఊసు ఆ పద్యంలో లేదు.

బొందుల శాస్త్రి: జారుముడి అంటే పైజమా బొందుకు వేసేది. కొస పట్టి లాగితే ఊడాలి. లాగేకొద్దీ బిగిస్తే అది ఉచ్చు.

కీళ్ల డాక్టర్: భుజానికి ఉచ్చు వేస్తామంటే ఆపరేషన్‌కి ఎవరొస్తారండీ! పైగా జారే ముడిని ఒక్కదాన్నే నమ్మం. పోస్ట్ మారుస్తూ, దిశ తిప్పుతూ పైన కనీసం మూడు హాఫ్ హిచ్‌లు (ఒక్క చుట్టు ముళ్లు) పడాలి.

డల్లాస్ బావ: ఇక్కడా మూడు ముళ్లేనా! పీటముడి అనెయ్యండి.

బొందుల శాస్త్రి: పీటముడి పొత్తుల చర్చల్లోనే పడుతుంది బావా, పేపర్ చూడవా?

తెలంగాణ తమ్ముడు: మాస్టారూ, 'లీలఁ' అంటే అవలీలగా అనే కదా?

గణాల మాస్టారు: అవలీలగా చిక్కేవాడైతే ఇంట్లో తాళ్లన్నీ తేవడం దేనికి నాయనా? తల్లి అలసట చూసి తనే కట్టుబడ్డాడు. అది ఆట. 'సిరికౌఁగిటిలోఁ' (లక్ష్మి కౌగిట్లో) చిక్కనివాడు రోటికి చిక్కడంలోనే పోతన గారడీ అంతా ఉంది.

తెలంగాణ తమ్ముడు: చూసేవాళ్లకి ఆట, యశోదకి అవలీల. రెండూ కుదురుతయ్ సార్.

గణాల మాస్టారు: రెండూ కుదరవు. క్రియకు కర్త ఎవరు? 'అతఁడు'. లీల అతనిదే.

కీళ్ల డాక్టర్: అయ్యా, నా ముడి... యాంకర్ (ఎముకలో దించే చిన్న మేకు) కంట్లో దారం కదలకపోతే జారే ముడి పనికిరాదు, రెవో లాంటి జారని ముడి వేయాలి. దాని పేరూ కావాలి. జారే ముళ్లకు మావాళ్లు పెట్టిన పేర్లూ వాడలేను: ఒకటి టెన్నెసీ స్లైడర్, ఇంకోటి ఎస్.ఎం.సి., అంటే సియోల్‌లోని శాంసంగ్ మెడికల్ సెంటర్.

డల్లాస్ బావ: టెన్నెసీ మాకు పక్కనే!

బొందుల శాస్త్రి: మధ్యలో అర్కాన్సా ఏమైంది బావా?

గణాల మాస్టారు: డాక్టరుగారూ, కరపత్రంలో పద్యం వేస్తే మాత్రం 'లీలఁ'కు అరసున్న మరవకండి.