పారిస్ నుంచి ఏప్రిల్‌లో ఒక్కరోజు ట్రిప్: జివెర్నీనా, సో (Sceaux) పార్కా?

ఏప్రిల్ మూడో వారంలో పారిస్‌లో ఉంటాం. ఊరి బయటికి వెళ్ళడానికి సోమ, మంగళవారాలు ఖాళీ. వెంట ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు. సోమవారం వెర్సాయ్ కోట, మంగళవారం ఫాంటెన్‌బ్లో కోట మూసేస్తారని తెలుసు. ఎలాగూ మాకు కావాల్సింది కోటలు కాదు, పూలు.

జివెర్నీ ఊళ్ళోని చిత్రకారుడు క్లోడ్ మోనే తోట ఏప్రిల్ 1నే తెరుస్తారు. సెంట్ లజార్ స్టేషన్ నుంచి వెర్నాన్‌కి రైల్లో సుమారు 50 నిమిషాలు, అక్కణ్ణుంచి షటిల్ బస్సు. వెర్నాన్ నార్మండీ ప్రాంతం కిందికొస్తుంది కాబట్టి పారిస్ ప్రాంతపు రవాణా పాస్ నవిగో చెల్లదు, రైలు టికెట్ విడిగా తీసుకోవాలి. పైగా ఏప్రిల్‌లో ట్యులిప్‌లే గానీ చెరువులో కలువలుండవు.

పారిస్ దక్షిణ శివారులోని సో పార్కుకైతే ఆర్‌ఈఆర్ బి అనే శివారు రైలు చాలు, ప్రవేశం ఉచితం. ఉత్తరం వైపు తోపులో గులాబీ రంగు చెర్రీలు, ముద్దమందారంలా రేకులు కిక్కిరిసి ఉంటాయి. గట్టి వాన ఒక్కటి పడిందా, రేకులన్నీ గడ్డి మీదే!

అక్కడ ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి:

మూడో వారానికి ఆ చెర్రీలు మిగులుతాయా? స్టేషన్ నుంచి తోపు దాకా పెద్దవాళ్ళు నడవగలరా, మధ్యలో బెంచీలున్నాయా? జివెర్నీ షటిల్‌లో తిరుగు ప్రయాణానికి సాయంత్రం క్యూ ఎంతసేపు ఉంటుంది? ఒక్కటే ఎంచుకోవాలంటే ఏది?