249 గ్రాముల డ్రోన్‌తో పెళ్ళి షూట్: కాగితాలు ఏం కావాలి?

గాలిమర:
249 గ్రాముల డ్రోన్. గాలిలో ఎక్కువసేపు ఉండాలని పెద్ద బ్యాటరీ వేసి పెళ్ళిళ్ళకు వాడదామని ప్లాన్. నానో (250 గ్రాముల లోపు రకం) కాబట్టి ఏ కాగితమూ అక్కర్లేదని అమ్మినాయన అంటున్నాడు, నిజమేనా? మొదటి షూట్ శంషాబాద్ వైపు ఫంక్షన్ హాల్లో. పోలీసుల్ని అడగాలా?

రోటర్_రావు:
నానోకు కొన్ని మినహాయింపులున్న మాట నిజమే, కానీ అవి చిన్న బ్యాటరీ ఉన్నంతవరకే. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం పేలోడ్‌తో (డ్రోన్ మోసే సామానుతో) కలిపి మొత్తం బరువు 250 గ్రాములు దాటితే మైక్రో, 2 కిలోలు దాటితే స్మాల్. పెద్ద బ్యాటరీ వేస్తే ఈ తరహా మోడళ్ళు 290 దగ్గర తేలతాయి. ప్రొపెల్లర్ గార్డులు బిగించినా అంతే, గీత దాటుతుంది. మెమరీ కార్డు, ఫిల్టరు, స్టిక్కర్లు అన్నీ ఉంచి వంటింటి కాటా మీద పెట్టి చూడండి.

నానోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ఇచ్చే అధికారిక ఆమోదం), థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదు. మైక్రోకు పైలట్ సర్టిఫికెట్ మినహాయింపు సరదాగా ఎగరేసుకుంటేనే. పెళ్ళివాళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నారంటే అది కమర్షియల్. అసలు చిక్కు టైప్ సర్టిఫికెట్ దగ్గర: మైక్రోలో ఆ మోడల్‌కు అది లేకపోతే యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్) నంబరే రాదు. అంటే ఫైన్ కట్టి సరిచేసుకునే వ్యవహారం కాదు, ఆ బ్యాటరీతో దాన్ని చట్టబద్ధంగా ఎగరేసే దారే ఉండదు. చిన్న బ్యాటరీలు నాలుగు కొనుక్కోండి.

మ్యాప్‌_మాస్టర్:
శంషాబాద్ అన్నారు కాబట్టి ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) తెరవండి. ఎయిర్‌పోర్టుకు 5 నుంచి 8 కి.మీ. మధ్య నేల నుంచే ఎల్లో జోన్, అక్కడ ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అనుమతి లేకుండా లేపకూడదు. 8 నుంచి 12 కి.మీ. మధ్య 200 అడుగుల వరకు గ్రీన్ (ముందస్తు అనుమతి అక్కర్లేదు), ఆపైన ఎల్లో. అంతకన్నా దూరంలో 400 అడుగుల వరకు గ్రీన్. రెడ్ జోన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

చాలామంది టెర్మినల్ పిన్ నుంచి దూరం కొలుస్తారు. లెక్క ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి! అంత పెద్ద ఎయిర్‌పోర్టుకు ఈ తేడా కిలోమీటర్లలో ఉంటుంది. ఇంకోటి, స్క్రీన్ మీద కనిపించే ఎత్తు టేకాఫ్ అయిన చోటు నుంచి. 15 మీటర్ల డాబా మీద నుంచి లేపి స్క్రీన్‌లో 55 చూపిస్తుంటే నేల నుంచి 70 మీటర్లు. 200 అడుగులంటే 61 మీటర్లే.

గాలిమర:
సరే, చిన్న బ్యాటరీతోనే వెళ్తా. రేపు పెద్ద డ్రోన్ కొంటే?

రోటర్_రావు:
బయటి దేశం నుంచి తెప్పించుకోకండి. 2022 ఫిబ్రవరి నుంచి రెడీమేడ్ డ్రోన్ల దిగుమతి నిషేధం, విడిభాగాలకు వెసులుబాటు ఉంది. టైప్ సర్టిఫికెట్ ఉన్న మోడల్ కొని, డి-2 ఫారంతో 100 రూపాయలు కట్టి యూఐఎన్ తీసుకోండి. 2024 సవరణ తర్వాత దీనికి పాస్‌పోర్టు తప్పనిసరి కాదు, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చాలు. పైలట్ సర్టిఫికెట్‌కు 18-65 ఏళ్ళ వయసు, పదో తరగతి పాసు, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ ఉండాలి. పదేళ్ళు చెల్లుతుంది.

యూఐఎన్ మీ ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్ లోపలి కంట్రోల్ బోర్డు), రిమోట్ సీరియల్ నంబర్లకు ముడిపడి ఉంటుంది. క్రాష్ తర్వాత రిపేరు షాపువాడు బోర్డు మార్చేస్తే కొత్త నంబరు 7 రోజుల్లో పోర్టల్లో ఎక్కించాలి. బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి.

సెక్షన్_163:
పోలీసుల సంగతి ఎవరూ చెప్పలేదు. గ్రీన్ జోన్‌లో రూల్స్ ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేదు, నిజమే. కానీ పోలీసులు ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. వీఐపీ పర్యటనలు, ఎన్నికలప్పుడు కమిషనర్లు విడిగా నిషేధ ఉత్తర్వులు కూడా ఇస్తుంటారు. ముందు రోజు గ్రీన్‌గా ఉందని ధీమా వద్దు, షూట్ రోజు పొద్దున మ్యాప్ మళ్ళీ చూసి, స్టేషన్‌కు ఒక ఫోన్ చేయండి. పెళ్ళికి మంత్రిగారు వస్తున్నారేమో కూడా కనుక్కోండి.