నల్గొండ చిత్రకారుడు బెర్లిన్‌ల బతకాలంటే: చదువు వీసానా, కళాకారుడి వీసానా, అసలు పోవుడే వద్దా?

పానగల్లు చెరువు:
మాసబ్‌ట్యాంక్‌ల బీఎఫ్ఏ చేసి దేవరకొండలనో నారాయణపేటలనో ఇంటికాడ బొమ్మలేసుకుంటున్న పిల్లలు ఈ నడుమ బెర్లిన్ మాట గట్టిగ ఎత్తుతున్నరు. ఏజెంట్లు అందరినీ చదువు వీసా దిక్కే తోలుతున్నరు. అది సరైన తొవ్వేనా? కళాకారుడి వీసా మీద నేరుగ పోవుడు నయమా? ఊర్లనే ఉండి బొమ్మలు పంపుడు మేలా? ధైర్యం చెప్పే మాటలు కాదు, లెక్కలు కావాలె.

గద్వాల అంచు:
చదువు వీసానే. బెర్లిన్ ప్రభుత్వ ఆర్ట్ యూనివర్సిటీల మామూలు కోర్సులకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల చందా కడితే సరిపోతది. ముందుగాల బ్లాక్డ్ ఖాతాల, అంటే నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాల, ఏడాదికి 11,904 యూరోలు వేయాలె, అందులకెళ్లి నెలకు 992 చేతికొస్తయి. ఏడాదికి 140 పూర్తి రోజులు కొలువు చేసుకోవచ్చు. డిగ్రీ అయినంక పని వెతుక్కోను 18 నెలలు ఇస్తరు. చాలా అకాడమీలు జర్మన్ భాష బీ2 (నడిమి కంటె పై) స్థాయి దాకా అడుగుతయి, అది ఇక్కడనే మొదలుపెట్టాలె.

పోర్ట్‌ఫోలియో కాడనే మనోళ్లు దెబ్బతింటరు. ఒకే తీరు బతుకమ్మ బొమ్మలు ఇరవై పెడితే ఫాయిదా లేదు. చెయ్యి తిరిగిందా అన్నదొక్కటే కాదు, ఆలోచన ఎటు పోతున్నదో చూస్తరు. స్కెచ్ పుస్తకాలు, సగంల ఆపేసిన ప్రయత్నాలు గూడ పెట్టున్రి.

కుంచె పాలమూరు:
అన్నా, ఆ 992 ల గదికే 500 నుంచి 700 పోతది. 30 ఏండ్లు దాటినోళ్లకు విద్యార్థి ఆరోగ్య బీమా రేటు గూడ రాదు. అయితే అసలు చిక్కు పైసలు కాదు, పర్మిట్. ఆ 140 రోజులు ఒకరి కింద చేసే కొలువుకే. బొమ్మ అమ్మి సొంతంగ బిల్లు రాస్తే అది స్వయం ఉపాధి. దానికి విదేశీయుల ఆఫీసు వేరే అనుమతి ఇయ్యాలె. నివాస అనుమతి కార్డుకు జతగ ఇచ్చే ఆకుపచ్చ కాయితం తీసి చూడున్రి. ‘జెల్బ్‌స్టెండిగె టేటిగ్‌కైట్ నిష్ట్ గెష్టాటెట్’ అని ఉంటే సొంత పని చేయొద్దని అర్థం. అది చూడకుండ ప్రదర్శనల రెండు బొమ్మలు అమ్మితే రెన్యువల్ కాడ ఇరుక్కుంటరు.

నేరుగ పోయే తొవ్వ, అంటే కళాకారుడి వీసా, జర్మనీ నివాస చట్టం 21వ సెక్షన్ 5వ క్లాజు కింద వస్తది. గ్యాలరీనో, వర్క్‌షాప్‌లు నడిపే సంస్థనో ‘ఈయనతోని పని చేస్తం’ అని రాసిన ఉత్తరాలు కనీసం రెండు కావాలె. ‘మంచి కళాకారుడు’ అని పొగిడితే చెల్లదు. ఏం పని, ఎన్ని నెలలు, ఎంత సొమ్ము అన్నది అందుల ఉండాలె. దానికితోడు ఆదాయ అంచనా, అద్దె ఒప్పందం, పూర్తి ఆరోగ్య బీమా. ట్రావెల్ ఇన్సూరెన్స్ పనికిరాదు. 45 దాటినోళ్లు పింఛను ఏర్పాటు గూడ చూపాలె.

ఒకసారి అక్కడ కుదురుకున్నంక కళాకారుల సామాజిక నిధి ఉన్నది, కేఎస్‌కే అంటరు. ఆరోగ్య బీమా, పింఛను చందాల్ల సగం అది భరిస్తది. కళ మీద ఏడాదికి 3,900 యూరోలు దాటి సంపాదించాలె, కొత్తగ వృత్తిల దిగినోళ్లకు మొదటి మూడేండ్లు ఆ నిబంధన లేదు. పరిశీలనకు నెలలు పడతది గనుక బిల్లులు, ప్రదర్శనల ఆహ్వానాలు, డిగ్రీ కాపీలు మొదటి రోజు నుంచే ఒక ఫైలుల దాచుకోవాలె. పరాయి దేశంల కళాకారునికి ఇంత ఆసరా ఉన్నదని మన పిల్లలకు ఎవరూ చెప్తలేరు. నాకు బాధనిపించేది అదే.

గద్వాల అంచు:
ఆకుపచ్చ కాయితం సంగతి ఒప్పుకుంటున్న, చేరంగనే ఆ అనుమతికి అర్జీ పెట్టుకోవాలె. కానీ మిర్యాలగూడల కూసున్నోనికి సొమ్ముతో సహా ఉత్తరం రాసిచ్చే బెర్లిన్ గ్యాలరీ ఏది? ఆ పరిచయాలు తరగతి గదిల, ఏడాది చివర పెట్టే ప్రదర్శనల పుడతయి. అందుకే ముందు చదువు అంటున్న.

చిటికి పోచంపల్లి:
ఇద్దరూ పోవుడు ఖాయమనే మాట్లాడుతున్నరు. ఏం వెతుక్కుంట పోతున్నరో ముందు తేల్చుకోవాలె కదా. చిత్తూరు జిల్లా నందనూరు నుంచి పోయిన అచ్చు చిత్రకారుడు కృష్ణారెడ్డి లండన్ స్లేడ్ ఆర్ట్ స్కూల్‌ల చదివి, ప్యారిస్‌ల హేటర్ అనే కళాకారుడు నడిపిన అచ్చు బొమ్మల స్టూడియో అటెలియె 17 కు చేరిండు. ఒకే లోహపు పలకకు వేర్వేరు చిక్కదనాల సిరాలు, మెత్తటివీ గట్టివీ రోలర్లతోని ఎక్కించి, ఒక్క అచ్చుల రంగులన్నీ తీసే పద్ధతి అక్కడ పెరిగింది. ఆ ప్రెస్సు, ఆ రోలర్లు, ఆ మనుషులు ఒక్కకాడ ఉన్నందుకే అది జరిగింది. అచ్చు పని చేసేటోళ్లు పోవాలె, నేనూ పొమ్మంట. కాన్వాసు, ఆక్రిలిక్ పనికి ఆ అక్కర లేదు. చిత్రకారుడు తోట వైకుంఠం తాను హైదరాబాద్‌ల ఉండుకుంటనే మన ఆడోళ్ల బొమ్మలు దేశమంతటికీ చూపిండు.

ఇక్కడికెళ్లి పంపేటోళ్లకు చేత్తోని వేసిన ఒరిజినల్ బొమ్మ మీద జర్మనీల కస్టమ్స్ సుంకం లేదు, దిగుమతి వ్యాట్ 7 శాతం. 2,000 యూరోల బొమ్మకు 140, దాని మీద కొరియర్ చార్జీలు. ప్రదర్శనకు పోయి అమ్ముడుపోక వాపస్ వచ్చేదుంటే వ్యాపార సంఘం ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నెట్, అంటే సరుకు కొన్నాళ్లకే పోయి వాపస్ వస్తదని చూపే కస్టమ్స్ కాయితం, తీసుకుంటే ఆ వ్యాట్ కట్టే పని లేదు. చెక్క పెట్టెల పంపితే కలపకు వేడి పెట్టిన ముద్ర ఉండాలె, లేకపోతే పెట్టె ఓడరేవుల్నే ఆగుతది.

చుట్టి పంపుడే చవుక, కానీ చుట్టుడు తెల్వాలె. రంగు ఉన్న దిక్కు బయటికి రావాలె. లోపలికి చుడితే రంగు పొర నలిగి ముడతలు పడతది. గొట్టం సన్నగ ఉండొద్దు, 15 సెంటీమీటర్లకు తక్కువైతే కష్టం. నడుమ గ్లాసిన్ అనే నున్నటి పల్చని కాయితం వేయాలె, ప్లాస్టిక్ వేస్తే మన ఎండకు ఆక్రిలిక్ దానికి అతుక్కపోతది. ఇగ జనవరిల బెర్లిన్‌ల గొట్టం అందంగనే విప్పొద్దు. చలికి ఆక్రిలిక్ బిర్రబిగుసుకుంటది, విప్పితే పొర పగుళ్లిస్తది. వెచ్చటి గదిల ఒక రోజంత ఉంచినంకనే విప్పాలె. ఇది గ్యాలరీ వాళ్లకు ముందే రాసి పెట్టున్రి, గొట్టం మీద గూడ అతికించున్రి.

కుంచె పాలమూరు:
చిటికి అక్కా, గొట్టం సంగతి మస్తు చెప్పినవ్, పోయేటోళ్లకూ అది పనికొస్తది. పంపుడు మీద మాత్రం ఒప్పుకోను. గ్యాలరీ మామూలుగ సగం కమీషన్ తీసుకుంటది, మీద రవాణా. పైగ క్యూరేటర్లు స్టూడియోకు వచ్చి చూస్తమంటరు. నల్గొండకు ఎవరొస్తరు? కేఎస్‌కే గూడ అక్కడ ఉండి పని చేసేటోళ్లకే.

పానగల్లు చెరువు:
ఒక్క ముచ్చట మిగిలింది. స్టూడియో ఒకటే తీసుకొని అందుల్నే పండుకుంటే రెండు అద్దెలు తప్పుతయా?

కుంచె పాలమూరు:
తప్పవు. స్టూడియో లీజు ఎక్కువగ వాణిజ్య లీజే ఉంటది, అక్కడ నివాస నమోదు కాదు. ఇంట్ల దిగిన 14 రోజులల్ల నమోదు చేసుకోవాలె, అది లేకపోతే పన్ను నంబరు, బ్యాంకు అన్నీ ఆగుతయి. ముందు గది పట్టున్రి, మీరు అక్కడ ఉంటున్నరని ఓనర్ సంతకంతోని ‘వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్’ కాయితం ఇస్తడో లేదో అడిగినంకనే అడ్వాన్సు ఇయ్యున్రి. నమోదు కుదరదు అనే గది ఎంత చవుకైనా వద్దు. స్టూడియోకు హీటింగ్ అద్దెల కలిసి ఉన్నదా, వేరేనా అడగున్రి. అది వేరేగ కట్టేదైతే చలికాలం బిల్లు చూసి బొమ్మలు ఆపేయాల్సి వస్తది.